ఇంటి వయసు, బడి వయసు

బల్ల మీద నీలం గుడ్డ పరిచి, బడి గౌన్లకు మొదటి గీత గీస్తుండగా జేబులో ఫోను ఒక్కసారి వణికింది. ఆరోగ్య కేంద్రం నుంచి కబురు. మీ అమ్మాయికి పన్నెండేళ్ళు నిండాయి కాబట్టి కరోనా టీకా వేయించవచ్చు, గురువారం ఉదయం పది గంటలకు తీసుకురండి, అని ఉంది.

రెండుసార్లు చదివాను. అందులో టీకా మాట నిజం. గురువారం మాట నిజం. పన్నెండేళ్ళ మాట ఒక్కటే నిజం కాదు. అది నేను చెప్పిన అబద్ధం. ఎనిమిదేళ్ళ కిందట నేను బడిలో వదిలిపెట్టి వస్తే, అది అక్కడే చదువుకుని పెద్దదై, ఇప్పుడు నా ఫోన్లోకే వచ్చింది.

మా అమ్మాయికి ఆ కబురు వచ్చేనాటికి పదకొండేళ్ళ రెండు నెలలు. చిట్టి అని పిలుస్తాం గానీ, పై గొళ్ళెం కాలి మునివేళ్ళ మీద లేవకుండానే తీస్తుంది. నా పోలిక. తనకు మూడేళ్ళప్పుడు మా ఆవిడకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో, మంచం పక్కన యంత్రం పెట్టి రక్తం శుద్ధి చేసేవాళ్ళు. పిల్లను నేను కొట్టుకు తెచ్చుకునేవాణ్ణి. నేను మిషను తొక్కుతుంటే బల్ల కింద కూర్చుని గుడ్డపీలికలతో ఆడుకునేది. ఒకరోజు చొక్కా గుండీ మింగేసింది. మర్నాటికి గుండీ బయటికొచ్చింది గానీ నా గుండె చాలా రోజులు చోటికి రాలేదు. కత్తెర్లూ సూదులూ ఉన్న చోట పసిపిల్లను ఉంచకూడదని అప్పుడు నిశ్చయించుకున్నాను.

బళ్ళో నాలుగేళ్ళు నిండితేనే చేర్చుకుంటారు. నేను కాగితం మీద పుట్టిన సంవత్సరం ఒకటి వెనక్కి జరిపాను. పెద్ద టీచరు పిల్లను ఎగాదిగా చూసి, పొడుగు చూసి, సరే అంది. ఇంటికొచ్చి దేవుడి ముందు నిలబడి, "నా కోసం కాదు స్వామీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే. అవుననడు, కాదనడు, మనకే వదిలేస్తాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో రెండు మాటలు పుట్టాయి: ఇంటి వయసు, బడి వయసు. ఇంటి చెప్పులు, బడి చెప్పులు అన్నట్టే. బయట ఎవరడిగినా బడి వయసే చెప్పాలని చిట్టికి నేర్పాం. ఆలోచిస్తే, నా కూతురికి నేను నేర్పిన మొదటి కూడిక అదే: నీ వయసుకు ఒకటి కలుపు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఫోను చిట్టి చేతికిచ్చాను. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్క నుంచి వంటింటి గుమ్మం దాకా నేల మీద ఒక సుద్ద గీత ఉండేది. గీతకు అటు మా ఆవిడ కుర్చీ, మంచం. ఇటు చిట్టి పుస్తకాల బల్ల, వీధి తలుపు. బడి తిరిగి తెరిచిన రోజున చిట్టే నా జేబులోంచి గుడ్డ మీద గీసే సుద్దబిళ్ళ లాక్కుని ఆ గీత గీసింది.

దానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట మా వదిన, అంటే మా ఆవిడ అక్క, తన కిడ్నీ ఒకటి చెల్లెలికి ఇచ్చింది. ఒంట్లోకి వచ్చిన ఆ పరాయి కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా మా ఆవిడ రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రల వల్ల జబ్బులతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఆవిడ కరోనా టీకా వేయించుకుంది గానీ, "మీ ఒంట్లో అది అంత బాగా పట్టకపోవచ్చు. మీ చుట్టూ ఉన్నవాళ్ళంతా వేయించుకుంటే మీకది ఇంకో కంచె" అన్నాడు డాక్టరు. నేను వేయించుకున్నాను. వదిన వేయించుకుంది. మిగిలింది చిట్టి. నలభై మంది పిల్లల మధ్య కూర్చుని వస్తుంది కాబట్టి తల్లికి ఏమైనా అంటిస్తానేమోనని దాని భయం. ముఖానికి మాస్కు, వేరే కంచం, ఆ గీత. మా ఆవిడ రోజూ నేల తుడుస్తుంది, గీత చెరిగిపోతుంది. సాయంత్రం చిట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ గీస్తుంది.

జడ వేసే పని కూడా నాకే వచ్చిపడింది. గుడ్డయితే గుండుసూది గుచ్చి ఆపుతాను. జుట్టును ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.

"గురువారం! అంటే ఎల్లుండే!" అంది చిట్టి, ఫోను చూసి. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మూడు వారాలకి రెండోది. ఆ తర్వాత రెండు వారాలు. అయిదు వారాలమ్మా! ఆ తర్వాత నా జడ నువ్వే. నాన్న వేసింది చూసి మా క్లాసులో, ఇది జడా జిప్పా అంటున్నారు."

కిటికీ పక్కన కుర్చీలో మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

"చిట్టీ, నీకు పదకొండే కదమ్మా" అన్నాను.

"ఇంటి వయసు పదకొండు. బడి వయసు పన్నెండు. వాళ్ళు బడి లిస్టు చూసి పిలిచారు. కాబట్టి పన్నెండు." లెక్క చేసి కింద గీత కొట్టినట్టు చెప్పింది.

అంతలో వదిన ఫోను చేసింది. చిట్టి స్పీకరు పెట్టి సంగతంతా చెప్పేసింది.

"ఇంకేం మరిది గారూ, శుభం" అంది వదిన.

"శుభమే వదినా. కానీ దానికి పన్నెండు నిండలేదు."

"కాగితం నిండిందంటోందిగా! కాగితానికి లేని బాధ మీకెందుకు?"

"అబద్ధం వదినా అది."

"అబద్ధం పాతదేగా! కొత్తది చెప్పమన్నానా? ఉన్నదాన్ని కాస్త అలాగే ఉంచమన్నాను. నేను కిడ్నీయే ఇచ్చేశాను, మీరో మాట మింగలేరూ?"

వదినతో వాదించి గెలిచినవాడు లేడు. అయినా ఆవిడ మాటలో నాకు తట్టింది అబద్ధం సంగతి ఒక్కటే కాదు. పన్నెండు దాటినవాళ్ళకే అని వాళ్ళు ఎందుకు అన్నారు? ఊరికే అనరు కదా. పదకొండేళ్ళ పిల్లకు అది వేస్తే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. కానీ ఏమైనా అయితే, డాక్టరు అడిగితే, అప్పుడు కూడా బడి వయసే చెప్పాలా?

మర్నాడు కొట్టు తెరిచి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి అడిగాను. "స్వామీ, అప్పుడు ఆ మాట పిల్ల కోసమే అన్నాను. ఇప్పుడూ పిల్ల కోసమే, దాని తల్లి కోసమే. అప్పుడు ఊరుకున్నావు. ఇప్పుడూ ఊరుకుంటావా?" ఊరుకున్నాడు. నేను మిషను ముందు కూర్చున్నాను. ఆ రోజు రెండు గౌన్లకు చేతులు తారుమారు చేసి కుట్టి, మళ్ళీ విప్పుకున్నాను.

గురువారం పదింటికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. పొడుగాటి గది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కుర్చీలు దూరం దూరంగా వేశారు. చివర బల్ల దగ్గర నర్సమ్మ కూర్చుని ఉంది. మాస్కు వల్ల కళ్ళజోడు మీద ఆవిరి పడుతోంది, మాటిమాటికీ తీసి కాగితం రుమాలుతో తుడుచుకుంటోంది. పక్కన మంచు పెట్టె.

"రా పాపా. వయసెంత?"

"పన్నెండు" అంది చిట్టి. కనురెప్ప కూడా కదలలేదు.

"పుట్టిన తేదీ?"

బడి తేదీ చెప్పింది, బడి సంవత్సరంతో సహా. అది అబద్ధం చెప్పలేదు. నేను నేర్పిన పాఠం అప్పజెప్పింది.

నర్సమ్మ కాగితం నా వైపు తిప్పి కలం ఇచ్చింది. "పైన రాసినవన్నీ నిజమని ఇక్కడ సంతకం పెట్టండి."

కలం పట్టుకున్నాను. పెట్టలేదు.

"నర్సమ్మా, ఒక్క మాట అడగొచ్చా? నేను బట్టలు కుడతాను. పన్నెండేళ్ళ సైజు కుట్టు అని ఎవరైనా అంటే, వయసు చెప్పకండి, పిల్లను తీసుకురండి అంటాను. టేపు పెట్టి చూస్తే పదేళ్ళ పిల్ల పదమూడేళ్ళ పిల్లంత ఉంటుంది. మరి మీరు చూసేది ఒంటినా, వయసునా?"

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు తక్కువ. ఓపికగానే చెప్పింది.

"జ్వరం మందు లాంటివైతే బరువు చూసి ఇస్తామండీ. దీనికి మాత్రం వయసే. ఇది జబ్బుని తగ్గించే మందు కాదు, ఒంటికి చెప్పే పాఠం. నేర్చుకునే తీరు పొడుగుని బట్టి ఉండదు, వయసుని బట్టి ఉంటుంది. పన్నెండు దాటినవాళ్ళ మీద పరీక్షలు చేశారు, బాగుందని తేలింది, ఇస్తున్నాం. అంతకన్నా చిన్నవాళ్ళకి ఇందులో మూడో వంతు ఇచ్చి చూస్తున్నారు, చాలుతుందా, సరిపడుతుందా అని. ఇంకా తేలలేదు. ఇంతకీ ఎందుకడుగుతున్నారు?"

"మా అమ్మాయికి పదకొండు" అన్నాను.

"నాన్నా!" చిట్టి నా చొక్కా గుంజింది.

"బళ్ళో చేర్చినప్పుడు ఒక ఏడాది పెంచి రాయించాను. అసలు వయసు పదకొండేళ్ళ రెండు నెలలు."

గదిలో ఎవరూ నన్ను చూడలేదు గానీ అందరూ చూసినట్టే అనిపించింది. నర్సమ్మ కోప్పడలేదు. కాగితం వెనక్కి తీసుకుని, కలానికి మూత పెట్టింది. ఆ మూత చప్పుడు విని చిట్టి తల దించుకుంది.

నేను వాళ్ళమ్మ సంగతంతా చెప్పాను. కిడ్నీ, మాత్రలు, నేల మీద గీత. ఆవిడ పూర్తిగా విన్నది.

"చూడండి. ఇప్పుడు వేసేస్తే పాపకి ఏదో అయిపోతుందని నేననను. ఏమీ కాదని కూడా అనను. నాకు తెలియదు కాబట్టి. తెలుసుకునేవాళ్ళు ఇంకా చూస్తున్నారు. తెలిసిందే ఇవ్వడం మా పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళందరూ వేయించుకున్నారుగా? మాస్కులు, తెరిచిన కిటికీలు, చేతులు కడుక్కోవడం, ప్రస్తుతానికి అవే."

లేచాను. ఆవిడ మళ్ళీ పిలిచింది.

"ఇంకో చిక్కు ఉందండోయ్. రేపు చిన్నవాళ్ళ టీకా వచ్చినా మీ అమ్మాయికి రాదు. కంప్యూటర్లో పన్నెండు ఉందిగా. చిన్న డోసు ఇవ్వబోతే అది ఒప్పుకోదు. పెద్ద డోసు నేనివ్వను. ముందు ఆ తేదీ సరిచేయించండి."

నేను పెంచిన ఒక్క ఏడాది నా పిల్లను రెండు తలుపులకూ బయట నిలబెట్టింది.

దారి పొడుగునా చిట్టి నాకు నాలుగడుగుల ముందు నడిచింది. మూల తిరిగాక ఆగి, వెనక్కి తిరిగింది.

"నన్ను స్కూల్లో చేర్చేటప్పుడు అబద్ధం చెప్పడానికి నోరు వచ్చింది కదా నాన్నా. ఇప్పుడు మాత్రం నిజం ఎందుకు వచ్చింది?"

"నోరు అదే, తల్లీ" అన్నాను. "భయం మారింది."

ఇంటికొచ్చి, బడి సంచీ బల్ల మీద పడేసి, గీతకు ఇవతల గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. మాస్కు తడిసిపోతే కొత్తది పెట్టుకుని మళ్ళీ ఏడ్చింది. మా ఆవిడ కుర్చీలోంచి లేచి, గీతకు అవతల నేల మీద కూర్చుంది. నేను జరిగింది చెప్పాను.

"మీ నాన్న మంచి పని చేశారు" అంది మా ఆవిడ.

"నీ కోసమేగా నేను!" అంది చిట్టి ఏడుపులోనే.

"తెలుసు. అందుకే చెబుతున్నా, విను. నా ఒంట్లో ఉన్నది మీ పెద్దమ్మ ఇచ్చింది. ఇస్తానన్న రోజునే కోసెయ్యండి అని కూర్చుంది మీ పెద్దమ్మ. డాక్టర్లు విన్నారా? ఆర్నెల్లు తనకు పరీక్షలు చేశారు. ఇచ్చే మనిషికి ముప్పు లేదని తేలాకే కత్తి పట్టుకున్నారు. నేనప్పుడు ఆస్పత్రి మంచం మీదే ఉన్నాను, అయినా ఆగారు. పెద్దమ్మ కోసం ఆగినవాళ్ళం, నీ కోసం ఆగలేమా?"

చిట్టి ముక్కు చీదుకుంది. "అప్పటిదాకా జిప్పేనా?"

"మీ నాన్న నేర్చుకుంటార్లే" అంది మా ఆవిడ.

ఆ సాయంత్రం వదిన ఫోనులో అరవడం మొదలుపెట్టింది. మా ఆవిడ అదే మాట ఆవిడకూ చెప్పింది. "ఆ ఆర్నెల్లూ నన్ను ఎంత విసిగించారే" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున్నే బడికి వెళ్ళాను. ఆ బడికి గౌన్లు కుట్టేది నేనే. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళనూ మాస్టారనే పిలుస్తారు, కొలతలు తీసే నన్నూ మాస్టారనే పిలుస్తారు.

"రండి మాస్టారూ, గౌన్లు అయ్యాయా?" అంది పెద్ద టీచరు. ఎనిమిదేళ్ళ కిందట ఆ కుర్చీలో కూర్చున్నదీ ఆవిడే. జుట్టు నెరిసింది, అంతే తేడా.

"సగం అయ్యాయమ్మా. వేరే పని మీద వచ్చాను. మా అమ్మాయి వయసు తప్పు రాయించాను. సరిచేయాలి."

ఆవిడ మొహం అలసటగా పెట్టింది. "మీరు కూడానా? కుదరదండీ. ఈ వారంలో ముగ్గురొచ్చారు, పన్నెండు చేసిపెట్టండి, టీకా వేయించుకుంటాం అని. వాళ్ళకి చెప్పిందే మీకూ."

"నాకు పదకొండు చేసిపెట్టండి" అన్నాను.

ఆవిడ చేతిలో కలం ఆగింది. "పదకొండా?"

"వాళ్ళు ఇప్పుడు పెంచమంటున్నారు. నేను ఎనిమిదేళ్ళ ముందే పెంచుకున్నాను."

ఉన్నట్టుండి నవ్వేసింది. ఆనాటి కారణం చెప్పాను, గుండీతో సహా. మిషను సొరుగులో గుండీల డబ్బా కింద ఎనిమిదేళ్ళు దాచిన ఆస్పత్రి కాగితం జేబులోంచి తీసి ఆవిడ ముందు పెట్టాను. పుట్టిన రోజు, గంట, బరువు, అన్నీ ఉన్నాయి. మడతల దగ్గర చిరుగుపట్టింది.

"ఆ రోజు నేనూ కాగితం అడగలేదు" అంది ఆవిడ మెల్లగా. "పాప పొడుగు చూసి నమ్మేశాను. తప్పు మీదొక్కరిదే కాదు."

"మా పనిలో ఎవరైనా పాత చొక్కా ఆదికిచ్చి, ఇలాగే కుట్టమంటారమ్మా. ఆది పొట్టిదైతే కుట్టినవన్నీ పొట్టివే అవుతాయి. ఎన్ని కుట్టాక తెలిసినా ముందు ఆది మార్చాల్సిందే."

"తరగతి మారదు లెండి. చదువు బాగానే ఉంది, మేమేం దించం. కానీ ఇది నా ఒక్క సంతకంతో అయ్యేది కాదు. పైనుంచి రావాలి."

పైనుంచి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. రెండు ఆఫీసుల గుమ్మాలు ఆరుసార్లు తొక్కాను. ఒకచోట గుమస్తా, "అందరూ వయసు తగ్గించుకుంటే సంతోషిస్తారు, మీరేంటండీ దొంగలాగా మొహం పెట్టారు" అన్నాడు. చివరికి కొత్త కాగితం వచ్చింది. వదినకు చెబితే, "మీ పెద్ద టీచరుని అడిగి నాకూ ఓ పదేళ్ళు తగ్గించకూడదూ?" అంది.

చిన్నపిల్లల టీకా మాత్రం రాలేదు. నెలలు గడిచాయి. వస్తుందనేవాళ్ళు, రాదనేవాళ్ళు, వచ్చినా వద్దనేవాళ్ళు. కొట్టుకొచ్చిన ప్రతి తల్లీ పిల్లకు కొలతలు తీస్తుండగా నన్ను అడిగేది, వేయిస్తారా మాస్టారూ, అని. "వాళ్ళు తేలిందంటే వేయిస్తాను" అనేవాణ్ణి. ఎవరి మాట నమ్మాలో తెలియనప్పుడు, తెలియదని చెప్పిన మనిషి మాట నమ్మాలనిపించింది నాకు. ఆ నర్సమ్మ ఆ రోజు తెలియదని అంది. ఆవిడే తెలిసిందని అంటే వెళ్ళొచ్చు.

ఆ నెలలన్నీ గీత గీస్తూనే ఉంది చిట్టి. మొదట్లో స్కేలు పెట్టి గీసేది. పోను పోను చేత్తోనే తిన్నగా గీయడం వచ్చేసింది, నా కంటే తిన్నగా. నాకూ జడ కొంత పట్టుబడింది. మూడు పాయలూ సమంగా తీయడం గుడ్డ కత్తిరించినట్టే అని తెలుసుకున్నాక, క్లాసులో జిప్పు మాట తగ్గిందట. గీతకు అవతల కూర్చుని మా ఆవిడ, "ఎడమ పాయ వదులు, ఎడమది" అని చెబుతూ ఉండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు మాత్రం వాటంతటవే మెలికలు తిప్పుతూ.

చలి మొదలయ్యే రోజుల్లో ఫోను మళ్ళీ వణికింది. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు టీకా, మీ అమ్మాయి వయసు పదకొండు, శనివారం తొమ్మిదిన్నరకు రండి, అని. ఈసారి ఒక్కసారే చదివాను.

అదే గది, అవే కుర్చీలు. ఈసారి పిల్లలు ఎక్కువ, ఏడుపులు ఎక్కువ. నర్సమ్మ చేతిలో చిన్న సీసా, దానికి నారింజ రంగు మూత. నన్ను గుర్తుపట్టింది.

"బట్టలు కుట్టే ఆయన కదూ? తేలిందండీ. మూడో వంతు చాలట. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. వేశాక పావుగంట ఇక్కడే కూర్చోవాలి. ఇంతకుమించి ఏదైనా వింతగా అనిపిస్తే వెంటనే తీసుకురండి." తర్వాత చిట్టి వైపు తిరిగింది. "ఏం పాపా, ఈసారి వయసెంత?"

"ఇంట్లో పదకొండు. బళ్ళో పదకొండు" అంది చిట్టి.

కాగితం నా వైపు తిరిగింది. సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ వంకరగానే ఉంటుంది, ఆ రోజూ అలాగే ఉంది.

సూది గుచ్చేటప్పుడు చిట్టి నన్ను చూడలేదు, సూదినీ చూడలేదు. కిటికీ వైపు చూసింది. పావుగంట కూర్చుని, గోడ గడియారం చూస్తూ మళ్ళీ వేళ్ళు మడిచింది. అయిదు వారాలు. ఆ మధ్యాహ్నం చెయ్యి నొప్పి అని నిద్రపోయింది, లేచి ఆకలి అంది. రెండోసారికి కొంచెం ఒళ్ళు వెచ్చబడింది, మర్నాటికి తగ్గింది. అంతే.

అయిదు వారాలు నిండాక మా ఆవిడ డాక్టరుకు ఫోను చేసి అడిగింది. "ఇది గోడ కాదమ్మా, ఇంకో కంచె. దగ్గు జలుబు లేనప్పుడు దగ్గరికి రానివ్వండి. దగ్గరున్నంతసేపూ ఇద్దరూ మాస్కులు పెట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి" అన్నాడట. ఆ సాయంత్రం చిట్టి బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అలవాటుగా నా జేబులో చెయ్యి పెట్టింది. సుద్దబిళ్ళ పట్టుకుని తుడిచిన నేల మీద వంగింది. వంగి, కాసేపు అలాగే ఉండి, తిరిగి నా జేబులో వేసేసింది.

మర్నాడు పొద్దున్న కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, చలిగాలి వస్తోంది. ఇద్దరి ముఖాలకూ మాస్కులు. మా ఆవిడ దువ్వెన పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది, గీత ఉండే చోట.

"రావే, ఆ జిప్పు విప్పి జడ వేస్తాను."

చిట్టి వచ్చి తల్లికి వీపు పెట్టి నిలబడింది. మా ఆవిడ చెయ్యెత్తింది. నడినెత్తి మీది పాపిట కంటికి కనబడలేదు. మునివేళ్ళ మీద లేచింది, అయినా సరిగ్గా కనబడలేదు. కిందటిసారి జడ వేసినప్పుడు ఆ తల ఆవిడ గడ్డం కిందికి ఉండేది.

"ఇంతెప్పుడు పెరిగావే?" అంది.

నేను పక్కనే ఉన్నాను. మెడలో టేపు ఉంది. కొలిచి చెప్పగలను గానీ చెప్పలేదు.

చిట్టి నేల మీద చతికిలబడి కూర్చుంది. మా ఆవిడ వెనక కుర్చీ లాక్కుని కూర్చుని, నేను వేసిన జడ విప్పడం మొదలుపెట్టింది. విప్పుతున్నకొద్దీ ముడులే వస్తున్నాయి.

"ఏమండీ, ఇన్నాళ్ళూ దీనికి గుండీ కాజాలు కుట్టారా ఏంటి?" అంది.

చిట్టి కిసుక్కుమంది. "తల కదపకు" అని ఒక మొట్టికాయ పడింది. దెబ్బ గట్టిగానే తగిలినట్టుంది. చిట్టి మాత్రం కదలకుండా, నవ్వుతూ, అలాగే కూర్చుంది.